ఆగస్టు ర్యాంకులు

ప్రతి ఏడూ ఆగస్టు రెండో వారంలో మా వాట్సాప్ గ్రూపులోకి ఒక గూగుల్ షీటు వస్తుంది. ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల ఉండే పదకొండు మందిమి. అందరం తెలుగువాళ్ళమే, అందరం టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో చదివినవాళ్ళమే. ఆ షీటులో కాలేజి ఫుట్‌బాల్ మొదలవకముందే ఈ ఏడు మొదటి పది జట్లు ఏవో రాయాలి. జనవరిలో ఫైనల్ అయ్యాక లెక్కేస్తాం. అందరికంటే తక్కువ మార్కులొచ్చినవాడు మిగతా పదిమందికీ బిర్యానీ పెట్టించాలి. గత ఆరేళ్ళలో నేను మూడుసార్లు పెట్టించాను.

ఇది క్రికెట్ గురించి కాదు కాబట్టి కొంత చెప్పాలి. అమెరికాలో కాలేజి ఫుట్‌బాల్ అంటే మన ఇంటర్-కాలేజి పోటీల్లాంటిది కాదు. లక్షమంది పట్టే స్టేడియాలు, వందల కోట్ల డాలర్ల టీవీ ఒప్పందాలు, ఊరికి ఊరు శనివారం పూట ఒకే రంగు చొక్కాలేసుకోవడం. పై స్థాయిలో జట్లు 130కి పైనే ఉంటాయి. ఒక్కో జట్టు ఆడేది మాత్రం 12 లీగ్ మ్యాచ్‌లే. అందరూ అందరితో ఆడటం కుదరదు. అలాంటప్పుడు ఎవరు గొప్పో చెప్పేదెలా? ఓటేసి.

ఆ ఓటింగుల్లో పెద్దది ఏపీ పోల్. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్. 1936 నుంచీ నడుస్తోంది. అరవై మందికి పైగా విలేకరులు తలా 25 జట్ల జాబితా రాస్తారు. మొదటి స్థానానికి 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా చివరిదానికి 1. అన్నీ కూడితే ర్యాంకులు. 1950లో వీళ్ళకి ఇంకో ఆలోచన వచ్చింది, సీజన్ మొదలవకముందే ఒకసారి ఓటేద్దామని. అదే ప్రీసీజన్ పోల్. ఒక్క బంతి కూడా విసరకముందే ఎవరు నంబర్ వన్నో తేలిపోతుంది.

2011 ఆగస్టులో ఎమ్మెస్ చేయడానికి కాలేజ్ స్టేషన్‌లో దిగినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. బల్లలమీదా బస్సుల్లోనూ ఒకటే మాట: ఈ ఏడు మనం నంబర్ ఎనిమిది. నేను అమాయకంగా 'ఎన్ని మ్యాచ్‌లయ్యాయి?' అని అడిగితే ల్యాబులో పక్కన కూర్చునే టెక్సస్ కుర్రాడు నన్ను జాలిగా చూసి 'ఇంకా మొదలవలేదు' అన్నాడు.

మొదలయ్యాక చూశాను. సెప్టెంబర్ 24న ఓక్లహోమా స్టేట్‌తో మ్యాచ్. కైల్ ఫీల్డులో విద్యార్థులు కూర్చోరు, మ్యాచ్ అయ్యేదాకా నిలబడే ఉంటారు, అది వాళ్ళ ఆనవాయితీ. సగం ఆట అయ్యేసరికి 20-3తో మనవాళ్ళే ముందు. చివరికి 29-30తో ఓడిపోయారు. తర్వాతి వారం ఆర్కెన్సాతో సగం ఆటకి 35-17 ఆధిక్యం, ఆఖరికి 38-42 ఓటమి. నవంబరులో థాంక్స్‌గివింగ్ రాత్రి, 1894 నాడు మొదలైన వైరమున్న టెక్సస్ యూనివర్సిటీతో, ఆఖరి క్షణంలో వాళ్ళు కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 25-27. ఎనిమిదో ర్యాంకు జట్టు చివరికి 7 గెలుపులు, 6 ఓటములతో ఎక్కడా లేకుండా పోయింది. కోచ్ ఉద్యోగం ఊడింది.

మరుసటేడు మాకు ర్యాంకే ఇవ్వలేదు. ప్రీసీజన్ 25లో మేం లేము. కొత్త కోచ్, కొత్త కాన్ఫరెన్స్, కాలేజిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడని క్వార్టర్‌బ్యాక్. మొదటి ఆట ఫ్లారిడాతో 17-20తో ఓడాం కూడా. ఆ కుర్రాడి పేరు జానీ మన్జెల్. నవంబర్ 10న అలబామా సొంతగడ్డమీద, అప్పటి నంబర్ వన్ అలబామాని 29-24తో ఓడించాడు. సీజన్ అయ్యేసరికి మేం అయిదో ర్యాంకు. మొదటి ఏడాది కుర్రాడికి హైస్మన్ ట్రోఫీ రావడం అదే మొదటిసారి.

ఎనిమిది నుంచి సున్నాకి ఒక ఏడు, సున్నా నుంచి అయిదుకి ఇంకో ఏడు. నేనున్న రెండేళ్ళలోనూ ఆ పెద్దమనుషులు చెప్పింది ఒక్కటీ నిజం కాలేదు. అయినా నాకు ఆ ఆటంటే పిచ్చి పట్టుకుంది ఆ జోస్యాల దగ్గరే. ఎందుకో అప్పుడు తెలియలేదు. తెలియడానికి దాదాపు పదిహేనేళ్ళు పట్టింది.

*

మా నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలోనే ఆయన సర్వీసంతా గడిచింది. ఆయన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ప్రతి జూన్‌లో పదో తరగతి పిల్లల పేర్లన్నీ వరసగా రాసి, పక్కన పెన్సిల్‌తో ఒక అంకె వేసేవాడు, లెక్కల్లో ఎవరికి ఎన్నొస్తాయో. రిజల్ట్స్ వచ్చాక దాని పక్కనే ఎర్ర ఇంకుతో అసలు మార్కులు. 'ఐదు మార్కులు అటూ ఇటూ, అంతేరా తేడా' అని తోటి మాస్టార్లకి గర్వంగా చూపించేవాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ అంకెల్ని బట్టే సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టేవాడు, జీతం లేకుండా. 90 దాటేవాళ్ళకి నూరు తెప్పించడానికి ఒక బ్యాచ్. 30 దగ్గర ఊగిసలాడేవాళ్ళని గట్టెక్కించడానికి ఇంకో బ్యాచ్. మొదటి బ్యాచ్‌కి కష్టమైన లెక్కలు చెప్పేవాడు, రెండో బ్యాచ్‌కి నాలుగు సిద్ధాంతాలు బట్టీ పట్టించేవాడు. ఆయన జోస్యం ఎందుకు నిజమయ్యేదో ఇప్పుడు తెలుస్తోంది.

నా పేరు పక్కన 98 అని రాశాడు. 97 వచ్చాయి. రెండేళ్ళ తర్వాత తమ్ముడి పేరు పక్కన 40 అని రాశాడు. వాడికి 61 వచ్చాయి. నాన్న ఎర్ర ఇంకుతో 61 వేసి, పక్కన రెండు మాటలు రాశాడు: 'పేపరు సులువు.'

నన్ను గుంటూరులో పేరున్న జూనియర్ కాలేజిలో వేశారు. చేరిన రోజే, ఒక్క క్లాసూ జరగకముందే, పదో తరగతి మార్కుల్ని బట్టి సెక్షన్లు వేసేశారు. మాది మొదటి సెక్షను. మాకు మంచి లెక్చరర్లు, ఫ్యాన్లు తిరిగే గది. మాలో ప్రతివాడికీ ఎంసెట్‌లో 500 లోపు ర్యాంకు ఖాయమన్నారు. 2006లో నాకొచ్చింది పదకొండు వేల పైచిలుకు. ఇంట్లో ఎవరూ నన్నేమీ అనలేదు. 'పరీక్ష రోజు వాడికి ఒంట్లో బాలేదు' అని అమ్మ అందరికీ చెప్పుకుంది. నిజానికి నాకేమీ జ్వరం లేదు, కాస్త తలనొప్పి. కానీ రెండు నెలలు గడిచేసరికి నాక్కూడా ఆ రోజు జ్వరం వచ్చినట్టే గుర్తుండిపోయింది.

తమ్ముడు అదే కాలేజిలో, అదే ఏడు, చివరి సెక్షన్లో చేరాడు. రెండో సంవత్సరం లెక్కల్లో తప్పాడు. దానికి మాత్రం ఎవరూ జ్వరాన్ని వెతకలేదు.

*

కాలేజి ఫుట్‌బాల్‌లో నాకు అన్నిటికంటే బాధ కలిగించే సీజను నేను చూడనిది, 2004ది. ఆ ఆగస్టులో యూఎస్‌సీ నంబర్ వన్, ఓక్లహోమా నంబర్ టూ, ఆబర్న్ నంబర్ పదిహేడు. ఆ రోజుల్లో పోల్స్‌నీ కంప్యూటర్ లెక్కల్నీ కలిపి చివరికి మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ళకే ఫైనల్ ఆడించేవాళ్ళు. యూఎస్‌సీ ఓడలేదు. ఓక్లహోమా ఓడలేదు. ఆబర్న్ కూడా ఓడలేదు. ముందున్నవాడు ఓడితే తప్ప వెనకున్నవాడు ముందుకి రాలేని క్యూ అది. ఆబర్న్ కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టింది, మొత్తం 13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచింది. ఫైనల్ మాత్రం టీవీలో చూసింది. ఆ ఫైనల్లో యూఎస్‌సీ 55-19తో ఓక్లహోమాని చిత్తుచేసింది.

ఆబర్న్ చేసిన తప్పేమిటి? ఆగస్టులో పదిహేడో స్థానంలో ఉండటం. అంతకుమించి నాకేమీ కనిపించదు.

దీనికి ఎదురుగా ఇంకో సంగతి కూడా ఉంది. 2007లో మిషిగన్ ప్రీసీజన్ ర్యాంకు 5. సెప్టెంబర్ 1న మొదటి మ్యాచ్ కింది డివిజన్ జట్టు అపలాచియన్ స్టేట్‌తో, సొంత మైదానంలో. ఆఖరి ఫీల్డ్ గోల్‌ని వాళ్ళు అడ్డుకోవడంతో మిషిగన్ 32-34తో ఓడింది. మరుసటి వారం పోల్‌లో మిషిగన్ ఆరో స్థానంలో లేదు, ఇరవయ్యోలో లేదు, అసలు లేనే లేదు. పదిహేనేళ్ళ తర్వాత అదే అపలాచియన్ స్టేట్ మా కైల్ ఫీల్డుకొచ్చి, ఆరో ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టిన మమ్మల్ని 17-14తో ఓడించింది. మేం ఆ ఏడు 5-7తో ముగించాం. ఆ ఏడు బిర్యానీ నాదే.

నిపుణులు తప్పు చెప్పారని నవ్వుకోవడం తేలిక. నాకు వాళ్ళమీద అసూయగా ఉండేది ఇంకోచోట. వాళ్ళు ప్రతి ఆదివారం మళ్ళీ ఓటేస్తారు. నత్తనడకే కావచ్చు, మొండికేసి కావచ్చు, కానీ వేస్తారు. ఆగస్టులో ఐదో ర్యాంకు ఇచ్చిన చేత్తోనే సెప్టెంబర్‌లో కొట్టేస్తారు. మా ఇంట్లో ఓటింగు ఒక్కసారే జరిగింది. ఆ ఓటేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

*

2016లో ఒక రాత్రి నాన్న ఫోన్ చేశాడు. 'తమ్ముడు నాలుగు లక్షలు కావాలంటున్నాడ్రా. సొంతంగా సర్వీసింగ్ పెట్టుకుంటాడంట. సామాన్లూ, ఒక సెకండ్‌హ్యాండ్ బండీ. నువ్వేమంటావు?'

నేను అప్పుడే కొత్త కారు కొన్నాను. ఆలోచించడానికి పెద్దగా టైం తీసుకోలేదు. 'ఇవ్వాలంటే ఇద్దాం గానీ తిరిగొస్తాయని మాత్రం అనుకోకు నాన్నా. వాడు ఏదీ ఆర్నెల్లు పట్టుకోడు.'

అప్పటికి తమ్ముడు గుంటూరులో ఒకే కోల్డ్ స్టోరేజిలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. హెల్పరుగా చేరి ఆపరేటరయ్యాడు. అది నాకు తెలుసు. తెలిసే ఆ మాటన్నాను. నా దృష్టిలో వాడింకా ఇంటర్ తప్పిన కుర్రాడే. నాన్న డబ్బివ్వలేదు. నేనూ ఇవ్వలేదు. వాడు బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడు. నెలకి 12 వేలు వడ్డీకే.

పోయినేడు ఈ విషయాన్ని నాకు మళ్ళీ గుర్తుచేసింది ఇండియానా. బిర్యానీ ఖర్చు తట్టుకోలేక నేను పైథాన్‌లో ఒక చిన్న మోడల్ రాసుకున్నాను. ప్రీసీజన్ మోడళ్ళన్నీ దాదాపు ఒకే దినుసులతో వండుతారు: గత కొన్నేళ్ళ ఫలితాలు, తిరిగొస్తున్న ఆటగాళ్ళెంతమంది, కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఎన్ని స్టార్లు. దాన్నుంచి వచ్చే మొదటి నమ్మకాన్ని ప్రయర్ అంటారు. తర్వాత ప్రతి మ్యాచ్ ఫలితంతో ఆ నమ్మకాన్ని గుణించి సరిచేసుకుంటూ పోవడమే. పని తేలికవుతుందని నేను ఆగస్టు ర్యాంకుల్లో మొదటి పదిహేను జట్లకే టైటిల్ అవకాశం పంచి, మిగతా అందరికీ సున్నా పెట్టేశాను.

2025 ఆగస్టులో టెక్సస్ చరిత్రలో మొదటిసారి ప్రీసీజన్ నంబర్ వన్. పెన్ స్టేట్ నంబర్ టూ. ఇండియానా 20. టెక్సస్ మొదటి మ్యాచే ఒహాయో స్టేట్‌తో 7-14తో ఓడింది, చివరికి 12 జట్ల ప్లేఆఫ్‌కే రాలేదు. పెన్ స్టేట్ అక్టోబర్‌లోనే కోచ్‌ని పంపించేసింది. ఇండియానా గెలుస్తూ పోయింది. దశాబ్దాల తరబడి ఓటములు మూటగట్టుకున్న ఇండియానా. నా షీటులో మాత్రం వాళ్ళ టైటిల్ అవకాశం సెప్టెంబర్‌లో 0.00, అక్టోబర్‌లో 0.00, నవంబర్‌లో 0.00. డిసెంబర్‌లో ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించి కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టిన రాత్రి కూడా 0.00. కోడ్‌లో బగ్ ఉందనుకుని గంటసేపు వెతికాను. బగ్ లేదు. గుణకారం సరిగ్గానే జరుగుతోంది. సున్నాని దేంతో గుణించినా సున్నాయే.

గణాంకశాస్త్రంలో ఇది మొదట్లోనే చెప్పే పాఠం. ఎంత అసాధ్యమనిపించినా సున్నా పెట్టకు, కొంచెమైనా ఉంచు. ఒకటిలో వెయ్యో వంతు పెట్టినా చాలు, అవతలివాడు గెలుస్తూపోతే ఆ వెయ్యో వంతు పెరిగి పెరిగి నిజాన్ని చేరుకుంటుంది. సున్నా పెడితే మాత్రం వాడు జీవితాంతం గెలిచినా నీ లెక్కలో కదలడు. ఆరేళ్ళు ఒకేచోట పనిచేసినవాణ్ణి ఆర్నెల్లు పట్టుకోడు అనగలిగానంటే, నేను వాడికి తక్కువ అంకె వేయడం కాదు, సున్నా వేశాను.

జనవరి 19న ఇండియానా ఫైనల్లో మయామీని 27-21తో ఓడించింది. పదహారు మ్యాచ్‌లు, పదహారు గెలుపులు. ఆ ఏడు కూడా బిర్యానీ నాదే.

*

ఈ ఫిబ్రవరిలో ఊరెళ్ళాను. ఒక రాత్రి పదిగంటలప్పుడు తమ్ముడికి ఫోనొచ్చింది, ఏదో కోల్డ్ స్టోరేజిలో కంప్రెసర్ చప్పుడు మారిందని. 'వస్తావా అన్నయ్యా, ఊరికే కూర్చునే కంటే' అన్నాడు. బండెక్కాను.

కొత్త పంట అప్పుడే దిగుతోంది. గేటు ముందు లారీల వరస, మిర్చి టిక్కీలు, గాల్లో ఘాటు. నాకు దగ్గు ఆగలేదు. వాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు. మెషిన్ రూములో అమ్మోనియా వాసన. వాడు ఎవరితోనూ మాట్లాడకుండా ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, కొసని కంప్రెసర్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఒకచోట విన్నాడు, జరిపాడు, మళ్ళీ విన్నాడు. ఐదు నిమిషాలు. తర్వాత మేనేజరుతో 'బేరింగు. ఇప్పుడే పోదు. ఏప్రిల్ దాకా లాగొచ్చు. తెప్పించి పెట్టుకోండి' అన్నాడు.

'ఏప్రిల్ అని ఎట్లా చెప్పావురా?' అన్నాను బయటికొచ్చాక.

'అందాజుగా చెప్పా. పదిహేను రోజులకోసారి వచ్చి వింటా. చప్పుడు మారితే నా మాటా మారుద్ది.'

నేను పదిహేనేళ్ళుగా చదువుతున్న ప్రీసీజన్ విశ్లేషణల్లో ఇంత నికార్సయిన వాక్యం నాకు దొరకలేదు. చదువుకున్నవాణ్ణి కాబట్టి అప్పుడు ఆ మాటే వాడితో అనబోయాను. ఇంతలో వాడే, బండి స్టార్ట్ చేస్తూ, 'ఆ రోజు నాన్న ఫోను స్పీకర్లో పెట్టాడు అన్నయ్యా' అన్నాడు.

ఏ రోజని నేను అడగలేదు.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. చిలకలూరిపేట రోడ్డెక్కాక, ఆ వడ్డీ డబ్బులు నేను ఇస్తానని చెప్పబోయి, ఎంత చవకబారుగా ఉంటుందో తోచి ఆగాను. వాడే మళ్ళీ మొదలుపెట్టాడు. 'ఒక పని చేసి పెట్టు. మావాడు జూన్‌లో పదో తరగతికొస్తున్నాడు. నాన్న అప్పుడే నోట్‌బుక్ తీశాడు. వాడి పేరు అందులో రాయొద్దని చెప్పు. నేను చెబితే వినడు. నువ్వు చెబితే వింటాడు.'

నేను చెబితే ఎందుకు వింటాడో మా ఇద్దరికీ తెలుసు. 2004లో నాకిచ్చిన ర్యాంకు ఇంకా చెల్లుతోంది కాబట్టి.

*

ఈ పత్రికలాంటి చోట్ల అప్పుడప్పుడూ పుస్తకాలమీద రాస్తుంటాను కాబట్టి ఇంకో మాట ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక కథకుడి మొదటి సంపుటి చదివి, ఇతని పరిధి ఇంతే అనుకున్నాను. సమీక్షలో కొంచెం మర్యాదగా అదే రాశాను. ఆయన తర్వాత రెండు పుస్తకాలు తెచ్చారు. రెండూ నా అలమరలో ఉన్నాయి, రెండూ తెరవలేదు. ఇంకోపక్క మొదటి పుస్తకంతో నేను ఆకాశానికెత్తిన కవిగారి నాలుగో సంపుటి నాకు విసుగు పుట్టించినా, 'ఇది ఆయన విరామం' అని రాశాను. పరీక్ష రోజు జ్వరం వచ్చిందన్నమాట. మనందరి దగ్గరా ఒక ఆగస్టు జాబితా ఉంటుంది. జాబితా లేకుండా ఏ పుస్తకం ముందు తీయాలో, ఏ మ్యాచ్ చూడాలో తెలీదు. జాబితా తప్పు కాదు. పెన్సిల్‌తో రాసినదాన్ని ఎన్నేళ్ళయినా చెరపకపోవడం తప్పు.

మర్నాడు పొద్దున అరుగుమీద నాన్నతో చెప్పాను. రిటైరై పదేళ్ళు దాటినా ఆయన సాయంత్రాలు వీధిలో పిల్లలకి లెక్కలు చెబుతూనే ఉన్నాడు. నోట్‌బుక్ ఒళ్ళోనే ఉంది. నా మాట పూర్తిగా విన్నాడు.

'రాస్తే ఏమవుద్దిరా. పెన్సిల్‌తోనేగా రాసేది.'

'అయితే నెలనెలా చెరిపి మళ్ళీ రాయి నాన్నా. వాడు చేసేదాన్ని చూసి రాయి.'

ఆయన కాసేపు ఆలోచించాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. 'అన్నిసార్లు చెరిపితే పేపరు చిరిగిపోద్ది' అన్నాడు.

'చిరిగితే ఇంకో నోట్‌బుక్ కొనిస్తాను' అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. జూన్ వెళ్ళింది. పేరు రాశాడో లేదో, రాస్తే పక్కన అంకె మారుతోందో లేదో నేను అడగలేదు, తమ్ముడు చెప్పలేదు. ఆ బేరింగు మాత్రం మార్చిలోనే మార్చాల్సి వచ్చిందట. రెండోసారి వెళ్ళి విన్నప్పుడే వాడికి తెలిసిపోయిందట.

ఇక వచ్చే వారం షీటు వస్తుంది. మోడల్ ఈసారి సరిచేశాను. 130కి పైగా ఉన్న జట్లలో ఒక్కదానికీ సున్నా లేదు. లెక్క నెమ్మదిగా నడుస్తోంది, కంప్యూటర్ ఫ్యాను మోగుతోంది. బిర్యానీ ఈసారీ నాదే కావచ్చు.